బీదరు గట్టు మీద మూడు నిద్రలు

కొత్తగా పెళ్ళయిన వారిని నాలుగు రోజులు ఊరు దాటించి పంపటం మన పెద్దలకు తెలియని సంగతి కాదు. తిరుపతి మొక్కు అనేవారు, అన్నవరం వ్రతం అనేవారు, అత్తవారింట మూడు నిద్రలు అనేవారు. తెల్లవారు దానినే హనీమూన్ అన్నారు. పేరు ఏదయినా పని ఒక్కటే. నిన్నటిదాకా ముఖపరిచయం మాత్రమే ఉన్న ఇద్దరు మనుషులు, మూడోవారు పక్కన లేకుండా ఒకరి నడక వేగం ఒకరు తెలుసుకోవాలి. ఎవరికి ముందు ఆకలి వేస్తుందో, ఎవరికి ముందు కోపం వస్తుందో ప్రయాణంలో తెలిసినంత త్వరగా ఇంట్లో తెలియదు.

మా పెళ్ళి కుదిరిన రోజుల్లోనే నా స్నేహితురాలు ఒకామె తన భర్తతో ఇటలీ దేశం తిరిగివచ్చి ఫోటోలు పంపింది. సియెనా, ఓర్వియేటో, అసీసి, సాన్ జిమిన్యానో. అన్నీ గుట్టల నెత్తిన కట్టిన పాత ఊళ్ళే. చుట్టూ గోడ, గోడకు ద్వారాలు, లోపల ఇరుకు సందులు, నడుమ ఒక గోపురం. సాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 70కి పైగా బురుజులు ఉండేవట, ఇప్పుడు 14 మిగిలాయట. ఆ ఫోటోలు మావారికి చూపించి, ఎంత అందంగా ఉన్నాయో అన్నాను. ఆయన ఒకటికి రెండుసార్లు చూచి, "ఇటువంటి ఊరు మా నాయనమ్మ జిల్లాలో ఉంది. విమానం అక్కరలేదు, ఎర్ర బస్సు చాలు" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అన్నారు. ఆ ఊరు బీదరు.

ఆ నాయనమ్మగారు జహీరాబాదు తాలూకా మనిషి. కడదాకా ఆమె తనది "బీదరు జిల్లా" అనే చెప్పుకున్నదట. అందులో తప్పు లేదు. నిజాము కాలంలో జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు బీదరు జిల్లాలోవే. 1956 నవంబరు 1న రాష్ట్రాలు భాషలవారీగా ఏర్పడినప్పుడు ఆ ఒక్క జిల్లా మూడు ముక్కలయింది. తెలుగు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠీ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి, బీదరు పట్నంతో సహా కన్నడ తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. ఆ మైసూరు రాష్ట్రమే 1973లో కర్ణాటక అయింది. పటంలో గీత గీయటం ఒక్కరోజు పని. కాని సంతలు, చుట్టరికాలు ఆ గీతను అంత త్వరగా ఒప్పుకోవు. నేటికీ బీదరు బజారులో ఒక దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి.

మార్గశిరంలో, పెళ్ళయిన రెండో వారం, హైదరాబాదులో తెల్లవారుజామున బస్సు ఎక్కాము. పటాన్‌చెరువు, సంగారెడ్డి, సదాశివపేట దాటి జహీరాబాదు దగ్గర పెద్దరోడ్డు వదలి కుడివైపుకు తిరిగితే మరో ముప్ఫై కిలోమీటర్లు. దారంతా చెరకు తోటలు, కంది చేలు. మంచు ఇంకా విడవలేదు. కిటికీ పక్క సీటు కోసం మా ఇద్దరికీ జరిగిన మొదటి తగాదాలో నేనే గెలిచాను కనుక ఇదంతా చెప్పగలుగుతున్నాను.

బీదరు నిజానికి కొండ కాదు, గట్టు. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఒక బల్లపరుపు నేల, దాని అంచున కోట. ఊరివైపు నుండి వస్తే ఎత్తు తెలియదు. కోటలోకి పోయి ఉత్తరపు అంచున నిలబడితే మాత్రం కాళ్ళ కింద నేల ఒక్కసారిగా జారిపోయి, చేలూ చెరువులూ ఎంతో దూరం కిందుగా పరచుకొని కనబడతాయి. పైన ఎర్రని జంబిటిక రాయి, అడుగున నల్లరాయి. ఈ రెండు రాళ్ళ సంగతి గుర్తుంచుకోండి. ఈ ఊరి నీటి కథ అంతా వాటి మధ్యనే ఉన్నది.

బహమనీ సుల్తానులలో అహమ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా నుండి ఇక్కడికి మార్చింది 1430 ప్రాంతంలో. మంచి గాలీ, ఊరే నీళ్ళూ, అంచున కోటకు తగిన చోటూ చూచుకొనే మార్చి ఉంటాడు. ఊరివైపు కోటకు మూడు వరుసల కందకం ఉన్నది. తవ్విన మట్టి కందకం కాదు, రాతిని చెక్కి తీసినది. నడుమ రాతిగోడలు అలాగే వదలిపెట్టారు. లోపల తర్కష్ మహలు, గగన్ మహలు, తఖ్త్ మహలు, పదహారు స్తంభాల మసీదు. అన్నింటిలోకి నాకు నచ్చినది రంగీన్ మహలు. అది బరీద్ షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో, అలీ బరీద్ తీర్చిదిద్దినది. నల్లరాతిలో ముత్యపుచిప్పను పొదిగిన పువ్వులూ తీగలూ, చెక్క స్తంభాల మీద సన్నని చెక్కడం. గది చిన్నదే. తలుపు తాళం వేసి ఉంటుంది, కావలివారిని అడిగితే తీస్తారు. వెలుతురు పక్కనుండి పడినప్పుడు ఆ చిప్ప ముక్కలు ఇప్పుడే తడిపినట్టు మెరిసాయి.

ఊరు నడుమ చౌబారా అనే 71 అడుగుల గుండ్రని బురుజు ఉంది. దానికీ కోటకూ మధ్య మహమూద్ గవాన్ మదరసా. ఈ గవాన్ కథ తెలుగువారు తెలుసుకోదగినది. ఇరాన్‌లోని గీలాన్ నుండి వర్తకుడుగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధాని అయినాడు. 1472లో ఈ విద్యాలయం కట్టించాడు. మూడంతస్తులు, ఉపన్యాస శాలలు, గ్రంథాలయం, విద్యార్థులకూ గురువులకూ గదులు. ముఖభాగమంతా నీలం, పసుపు, తెలుపు రంగుల పెంకులు అతికించారు. ఆ రోజులలోనే బీదరుకు వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్, ఇక్కడి ప్రభువుల వైభోగాన్నీ పల్లెజనుల పేదరికాన్నీ పక్కపక్కనే చూచి రాసుకున్నాడు. గవాన్ మీద అసూయపడినవారు ఆయన ముద్రతో ఒరిస్సా రాజుకు దొంగ ఉత్తరం సృష్టించారు. సుల్తాను విచారించకుండా శిరచ్ఛేదం చేయించాడు. అది జరిగిన చోటు మన కొండపల్లి, సంవత్సరం 1481. బొమ్మల ఊరని మనం ముచ్చటగా చెప్పుకునే కొండపల్లికి ఇటువంటి జ్ఞాపకం ఒకటి ఉన్నదని నాకు అక్కడ నిలబడేదాకా తెలియదు. ఔరంగజేబు కాలంలో, 17వ శతాబ్దం చివర, తుపాకిమందు పేలి మదరసాలో ఒక భాగం కూలింది. రెండు మీనారులలో ఒకటే మిగిలింది. దాని మీద ఇంకా అక్కడక్కడ నీలం పెంకులున్నాయి.

ఇక నీటి సంగతి. పైనున్న ఎర్రరాయి వాననీటిని జల్లెడలా కిందికి దింపుతుంది. అడుగునున్న నల్లరాయి దానిని ఇంక పోనివ్వదు. ఆ రెండూ కలిసిన చోట గట్టు అంచుల వెంట ఊటలు పుడతాయి. ఈ రహస్యం కనిపెట్టి, ఇరాన్ పద్ధతిలో భూమి అడుగున వాలుగా సొరంగ కాలువలు తవ్వారు. వాటినే కరేజులంటారు. పైనుండి వరుసగా బావులవంటి గుంటలు దించి, వాటి అడుగులను కలుపుతూ కాలువ తీశారు. మోటారు లేదు, మోట లేదు, వాలు ఒక్కటే నీటిని నడిపిస్తుంది. నౌబాదు దగ్గర అటువంటిది ఒకటి ఈమధ్యనే పూడిక తీసి బాగుచేశారు. మావారు నా స్నేహితురాలి ఫోటోలలోని సియెనా పట్నం గురించి చదివి ఉన్నారు. ఆ ఊరికీ దగ్గరలో పెద్ద నది లేదట. గుట్ట కడుపులో బొత్తీనీ అనే సొరంగ కాలువలు 25 కిలోమీటర్ల దాకా తవ్వి, ఊరి నడుమ జలాశయానికి నీరు తెచ్చుకున్నారట. ఎక్కడి ఇటలీ, ఎక్కడి బీదరు! ఎత్తున ఇల్లు కట్టుకున్న మనిషి ఎక్కడయినా ముందు వెతుక్కునేది చెంబెడు నీళ్ళే.

ఆ ఊటలలో ఒకటి నరసింహ ఝరణి. స్వామి గుహ చివర ఉంటాడు. ఆయన దగ్గరకు చేరాలంటే సుమారు 300 మీటర్ల సొరంగంలో నీళ్ళలో నడిచిపోవాలి. మావారికి నీళ్ళు రొమ్ముదాకా, నాకు మెడదాకా. పైన కప్పునిండా గబ్బిలాలు. ముందు ఒక ముసలమ్మ మనవడిని భుజాన ఎక్కించుకొని "నరసింహా, నరసింహా" అంటూ నిబ్బరంగా పోతున్నది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. మా పెళ్ళిలో బ్రహ్మముడి వేసినప్పుడు కూడా నలుగురి ఎదుట నా వంక చూడటానికి సిగ్గుపడిన ఆయన, ఇక్కడ ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపారు. పట్టుకున్నాను. వెళ్ళేటప్పుడు భయంతో పట్టుకున్నాను, వచ్చేటప్పుడు ఎందుకు వదలలేదో నాకు గుర్తులేదు.

తడిబట్టలు మార్చుకొని గురునానక్ ఝీరా గురుద్వారాకు పోయేసరికి మధ్యాహ్నమయింది. గురునానకు 16వ శతాబ్దం తొలి సంవత్సరాలలో దక్షిణదేశానికి వచ్చినప్పుడు ఇక్కడ ఆగారనీ, ఉప్పునీళ్ళతో బాధపడుతున్న జనం మొర విని పాదంతో రాయి తొలగిస్తే తియ్యని ఊట పుట్టిందనీ సిక్కుల విశ్వాసం. గురుగోవిందసింగు ఎన్నుకున్న అయిదుగురు ప్రియులలో ఒకరైన సాహెబ్ సింగు ఈ బీదరువాడే. కులానికి మంగలి. ఇక్కడ రోజంతా లంగరు ఉంటుంది. తలమీద గుడ్డ కప్పుకొని చాపమీద వరుసలో కూర్చున్నాము. నా కుడిపక్కన ఒక లంబాడీ స్త్రీ, ఎడమపక్కన మావారు, ఎదుట ఒక జవాను కుటుంబం. రొట్టె, పప్పు, కూర. ఎవరిదే ఊరని అడిగినవారు లేరు, ఎవరే కులమని అడిగినవారు అంతకంటే లేరు.

రెండో రొట్టె వడ్డించేసరికి నాకు గొంతు పట్టుకుంది. కారణం చెప్పాలి. మా ఇద్దరిదీ ఒకే భాష, ఒకే చదువు. కులాలు మాత్రం వేరు. మా అమ్మా నాన్నా ఏడాదిపాటు ఆలోచించి ఒప్పుకున్నారు. మా పెదనాన్నగారు ఒప్పుకోలేదు. నన్ను భుజాన ఎత్తుకొని తిరునాళ్ళు చూపించిన మనిషి. పెళ్ళికి వచ్చారు, మా నెత్తిన అక్షతలు వేశారు. భోజనాల వేళకు మాత్రం పంక్తిలో లేరు. మంచినీళ్ళయినా ముట్టకుండా సాయంత్రం రైలుకు వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన కోసం వేసిన విస్తరి అలాగే ఉన్నది. మా అమ్మ దానిని తియ్యనివ్వలేదు. ఇది మావారికి నేను అంతదాకా చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ చాపమీద కూర్చొని చెప్పాను. ఆయన "చూచాను" అన్నారు, అంతే.

మరునాడు బస్సులో హుమ్నాబాదు మీదుగా బసవకల్యాణం పోయాము. సుమారు 80 కిలోమీటర్లు. అక్కడి కోట బీదరు కోటలా దూరానికి కనిపించదు, గుట్టల మధ్య ఒదిగి ఉంటుంది. ఇది పడమటి చాళుక్యుల రాజధాని. 1076 నుండి 1126 దాకా ఏలిన ఆరవ విక్రమాదిత్యుని కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాసినాడు. తండ్రి ఆస్తిలో కొడుకులకు పుట్టుకతోనే హక్కు అన్న న్యాయం, మన ఇళ్ళలో వందల సంవత్సరాలు నడిచినది, ఆ గ్రంథానిదే. 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన దానిని విజ్ఞానేశ్వరమనే పేరుతో తెలుగు చేశాడు. కూతురికి ఆ హక్కు రావటానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, దేశమంతటా 2005 సవరణతో వచ్చింది. ఒక ఆడపిల్లగా ఆ శిథిలాల మధ్య నిలబడి ఈ లెక్క వేసుకోకుండా ఎలా ఉంటాను?

కాని కల్యాణానికి జనం వచ్చేది బసవేశ్వరుని కోసం. 12వ శతాబ్దంలో కలచురి బిజ్జలుని దగ్గర మంత్రిగా ఉంటూ, కులం చూడకుండా శివభక్తులందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి అనుభవ మంటపం నడిపించాడు. మన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో ద్విపదలో బసవపురాణం రాసినాడు. కన్నడంలోకి భీమకవి దానిని 1369లో తెచ్చుకున్నది మన తెలుగు నుండే. కర్ణాటకంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి.

ఊళ్ళో శరణుల గుహలని చూపించేచోట ఒక పెద్దాయన, సగం కన్నడం సగం తెలుగులో, మాకు హరళయ్య కథ చెప్పాడు. హరళయ్య చెప్పులు కుట్టేవాడు. మధువరసు బ్రాహ్మణుడు, కొలువులో పెద్ద ఉద్యోగి. ఇద్దరూ బసవని శరణులే. హరళయ్య కొడుక్కు మధువరసు కూతురినిచ్చి పెళ్ళి చేశారు. ఊరు భగ్గుమన్నది. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరి కళ్ళు పీకించి, ఏనుగు కాళ్ళకు కట్టి ఈడ్పించాడు. ఆ వెనుక బిజ్జలుని హత్య, కల్యాణంలో కల్లోలం, శరణులు తలా ఒక దిక్కుకు చెదిరిపోవటం. "ఆ పిల్లా పిల్లవాడూ ఏమయ్యారు?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అందరూ తండ్రుల కథే చెబుతారమ్మా" అన్నాడు.

ఊరికి వచ్చే బస్సు కోసం చెట్టుకింద కూర్చున్నాము. ఎనిమిది వందల యేళ్ళనాటి ఆ పెళ్ళికి రెండు ప్రాణాలు పోయాయి, ఒక రాజ్యం కదిలింది. మా పెళ్ళిలో ఖాళీగా మిగిలింది ఒక్క విస్తరి. నా దుఃఖం చిన్నదని ఎవరూ చెప్పలేదు, నాకే అనిపించింది. చిన్నదయినా అది నాదే గదా, పోలేదు. మావారు చాలాసేపు ఊరుకొని, "మీ పెదనాన్నగారు అసలు రాకుండా ఉండవచ్చు. వచ్చారు, అక్షతలు వేశారు. సగం దూరం ఆయన నడిచారు. మిగతా సగం మనం నడవాలి" అన్నారు. ఆ కొద్దిరోజుల కాపురంలో ఆయన నాతో మాట్లాడిన వాటిలో అది అన్నిటికంటే పెద్ద మాట.

నాలుగో రోజు పొద్దున బిద్రీ పని చూడటానికి పోయాము. జింకు పదహారు పాళ్ళు, రాగి ఒక పాలు కలిపి పోత పోస్తారు. ఆకురాయి పట్టి నునుపు చేసి, మైలుతుత్తపు నీళ్ళు రాసి, ఆ మసక నలుపు మీద ఉలితో పువ్వులు గీస్తారు. ఆ గీతలలో వెండి తీగ కూర్చి సుత్తితో తట్టి పొదుగుతారు. అప్పటికి వస్తువంతా బూడిదరంగుగా ఉంటుంది, వెండి ఏదో తక్కినది ఏదో సరిగా తెలియదు. చివరన కోటలోని పాత మట్టిని, ఎండా వానా తగలని చోటిది, నవాసాగరంతో కలిపి, వేడిచేసిన వస్తువుకు రుద్దుతారు. చూస్తుండగానే జింకు కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. మంచి మట్టి ఏదో పాత పనివారు నాలుక మీద వేసుకొని చెప్పగలరట. ఈ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఈ ఊరి పనివాడు షా రషీద్ అహమ్మద్ ఖాద్రీగారికి పద్మశ్రీ ఇచ్చారు.

అక్కడ ఒక వక్కల డబ్బీ కొన్నాను. మా పెదనాన్నగారికి తాంబూలం లేనిదే భోజనం ముగియదు. పార్సెలులో ఉత్తరం ఏమీ పెట్టలేదు, పేర్లు మాత్రం ఇద్దరివీ రాశాము. పది రోజులు సమాధానం లేదు. పదకొండో రోజు ఫోనులో ఆయన గొంతు వినిపించింది. కుశలప్రశ్నలు లేవు. "దీనిని చింతపండుతో తోమవచ్చునా?" అని అడిగారు. వద్దని, కొబ్బరినూనె రెండు చుక్కలు రాసి మెత్తని గుడ్డతో తుడవాలనీ చెప్పాను. "సరే, సంక్రాంతికి వచ్చినప్పుడు చూపించండి" అన్నారు. చూపించు అనలేదు, చూపించండి అన్నారు. నన్ను మా పెదనాన్నగారు ఎన్నడూ మీరు అని పిలవలేదు కనుక ఆ మాట ఇద్దరికీ అని నేను అర్థం చేసుకున్నాను.

మన సంఘంలో కొత్త దంపతులెవరైనా పోదలచుకుంటే కార్తికం నుండి మాఘం దాకా మంచికాలం. హైదరాబాదు నుండి బస్సులు చాలా ఉన్నాయి, వికారాబాదు మీదుగా రైలు కూడా ఉంది. కోటకు ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. ఎండలో రాళ్ళమీద నడవాలి కనుక గట్టి చెప్పులు వేసుకోండి. ఝరణికి మారుబట్టలు తప్పనిసరి. అష్టూరులోని బహమనీ సమాధులకు సాయంత్రపు వెలుగులో పోతే మంచిది. అక్కడ అహమ్మద్ షా గోరీని ముసల్మానులు వలీ అని, లింగాయతులు అల్లమప్రభువని కొలుస్తారు. ఏటేటా ఉరుసుకు కలబురిగి ప్రాంతం నుండి ఒక జంగమయ్యే వచ్చి శంఖం ఊది ఉత్సవం నడిపిస్తాడు. గురుద్వారాలో భోజనం చేయకుండా మాత్రం రావద్దు. ఇంటిదగ్గర ఎవరైనా పెద్దవారు అలిగి ఉంటే, వారి కోసం ఒక చిన్న బిద్రీ డబ్బీ కొనండి. దానిని ఎలా తుడవాలో పనివారిని అడిగి తెలుసుకొని మరీ రండి.